సీటు కబురు వచ్చువరకు

అరకులోయ, పాడేరు, చింతపల్లి ప్రాంతములలో ఇటుకల పండుగ సందడి సాగు రోజులలోనే ఇంచుమించుగా ఇంటర్మీడియెట్ పరీక్షా ఫలితములును వెలువడుచుండును. ఉత్తీర్ణత పొందిన బిడ్డ యింట ఆనాడు సంతోషము. మరునాటి నుండియే మరియొక ప్రశ్న ఆరంభమగును. కళాశాలలో సీటు వచ్చునా, రాదా? వచ్చినచో ఎక్కడ? ఆ సంగతి ఎప్పుడు తెలియును? 2025వ సంవత్సరమున మన రాష్ట్రములో ఇంటర్ ఫలితములు ఏప్రిల్ 12వ తేదీన వచ్చినవి. డిగ్రీ కళాశాలలలో ప్రవేశమునకు పేర్ల నమోదు ఆగష్టు మాసము సగము గడచిన పిమ్మట గాని మొదలు కాలేదు. అనగా నాలుగు మాసములు. ఆ నాలుగు మాసములలో కొండవాలున చోడి, సామ చల్లుట, పల్లములో వరినాట్లు వేయుట అన్నియు జరిగిపోవును. ఇంటిలోని బిడ్డ సంగతి మాత్రము తేలకుండనే యుండును.

ఈ నిరీక్షణను గూర్చి పంచాయతీ సభ్యులతో కొంత ముచ్చటింపవలెనని మా ఉద్దేశము. సీటు ఇచ్చుట పంచాయతీ చేతిలోని పని కాదు గదా యని కొందరు అనవచ్చును. నిజమే. కాని వచ్చిన సీటు చేజారిపోకుండ చూచుట గ్రామస్థుల చేతిలోని పనియే. కబురు ఏ దినమున వచ్చునో తెలియక కుమిలిపోవు పిల్లలకు ఆ దినమేదో తెలుపుటయు గ్రామస్థుల చేతిలోని పనియే.

మైదాన ప్రాంతపు విద్యార్థి ఎదురుచూపునకును, మన్యపు విద్యార్థి ఎదురుచూపునకును గొప్ప భేదము కలదు. మన పిల్లలలో పలువురు ఆశ్రమ పాఠశాలలలోను, గురుకులములలోను, వసతి గృహములలోను ఉండి చదివినవారు. పరీక్షలు ముగియగనే వసతి గృహము మూతపడును. ఉపాధ్యాయుడు, తోటివాడు, ఫోను పలుకు చోటు, మూడును ఒక్కసారిగా దూరమగును. విశాఖపట్టణములోని పిల్లవాడు ప్రతి సాయంత్రము నలుగురు స్నేహితులను కలిసికొని ఏమి జరుగుచున్నదో తెలిసికొనును. ముంచింగిపుట్టు, పెదబయలు, డుంబ్రిగుడ మండలముల మారుమూల గ్రామమునకు తిరిగి వచ్చిన పిల్ల ఒంటరిగా వేచియుండును. ఇంటిలో మాటలాడునది కువియో, గదబయో, ఆదివాసీ ఒడియాయో కావచ్చును. ఫోనునకు వచ్చు సందేశము ఆంగ్లములో నుండును. దానిని చదివి చెప్పగలిగినది ఆ యింట ఆ పిల్ల ఒక్కతెయే. ఆమె పొలములో నున్నచో ఇంక చదువువారు లేరు.

పూర్వము మన్యములో ఊరి పెద్ద మాటను బారికి ఇంటింటికి చేరవేసెడివాడు. గెడ్డ పొంగినను, వాన కురిసినను కబురు ఆగెడిది కాదు. నేడు కబురు ఆకాశ మార్గమున వచ్చుచున్నది. 2023 జూన్ మాసమున అల్లూరి సీతారామరాజు జిల్లాలో 85 సెల్ టవర్లు ప్రారంభింపబడినవి. అవి ఎంతో ఉపకరించుచున్నవి. అయినను ఒక కొండకు ఇవతల పలికిన ఫోను అవతల పలుకదు. టవరు వరకు వచ్చిన వార్తను అక్కడి నుండి గుడిసెకు చేర్చు బారికి మాత్రము నేడు లేడు. కష్టమంతయు అచ్చటనే యున్నది.

సీట్ల పంపకము ఎట్లు జరుగునో తెలిసినచో సగము భయము తొలగును. డిగ్రీ ప్రవేశములు 2020–21 విద్యా సంవత్సరము నుండి రాష్ట్ర ఉన్నత విద్యామండలి ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుచున్నవి. ఇంజనీరింగునకు ఈఏపీసెట్ ర్యాంకు, వైద్యమునకు నీట్ ర్యాంకు ఆధారము. విద్యార్థి తాను కోరు కళాశాలలను వరుసగా వ్రాసి యిచ్చును. వీనినే వెబ్ ఆప్షన్లు అందురు. కంప్యూటరు ముందుగా మొదటి ర్యాంకువానిని తీసికొని, అతని జాబితాలో మొదటి కోరికను చూచును. సీటు ఉన్నచో ఇచ్చును, లేనిచో రెండవదానిని చూచును. ఆ పిమ్మట రెండవ ర్యాంకువాని వంతు. ఇట్లు చివరివరకు సాగును. కావున అన్నిటికన్న ఇష్టమైన కళాశాలను మొదట వ్రాయుట వలన నష్టము లేదు. ఎక్కువ పేర్లు వ్రాసినందున ముందున్న కోరికకు భంగము కలుగదు. నాలుగైదు పేర్లు మాత్రమే వ్రాసి ఊరుకొన్నవారే తరచుగా సీటు లేక మిగిలిపోవుదురు.

షెడ్యూల్డు తెగలకు రాష్ట్ర విద్యాసంస్థలలో నూటికి 6 సీట్లు ప్రత్యేకింపబడినవి. ఆ ఆరే మనవి, తక్కినవానిలో మనకు చోటు లేదని తలచువారున్నారు. అది సరికాదు. మంచి ర్యాంకు గల గిరిజన విద్యార్థికి అందరికిని తెరచియున్న సీట్లలోనే చోటు దొరకును. ప్రత్యేకింపబడినవి తరువాతివారికి మిగులును.

మొదటి విడతలో సీటు రానివాడు రెండవ విడతకు వేచియుండవలెను. పైవారిలో కొందరు వేరొక చదువునకు పోవుదురు. వారు విడిచిన సీట్లు క్రిందివారికి జారివచ్చును. పాడేరు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చేరవలసిన విద్యార్థి ఇంజనీరింగులో సీటు వచ్చి వెళ్ళినచో ఆ చోటు మరియొకరిదగును. ఆలస్యమునకు ఇదియొక కారణము. ఏ ఆఫీసు చుట్టు తిరిగినను ఈ వరుస మారదు. మారునట్లు చేసెదనని సొమ్ము అడుగువానిని నమ్మరాదు.

వేసవిలో కొన్ని ప్రైవేటు కళాశాలల మనుష్యులు గ్రామములకు వచ్చుచుందురు. తియ్యని మాటలు చెప్పి, మార్కుల పత్రము, బదిలీ పత్రము తమవద్ద ఉంచుడని కోరుదురు. అసలు పత్రములు ఒకమారు చేయి దాటినచో, ఆగష్టులో మంచి కళాశాలలో సీటు వచ్చినను పిల్లవాడు చేరలేడు. విద్యార్థుల అసలు పత్రములను సంస్థలు తమ వద్ద నిలుపుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో స్పష్టముగ ప్రకటించినది. ఈ ఒక్క సంగతిని గ్రామసభలో బిగ్గరగా చదివి వినిపించినను మేలు కలుగును.

ఇక మనస్సు సంగతి. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసిన నిరీక్షణకన్న దీర్ఘముగా తోచునని, ఒంటరిగా వేచియున్నవారికి అది మరింత భారమని డేవిడ్ మైస్టర్ అను పండితుడు 1985లో వ్రాసెను. బస్సు కొరకు ఘాటు దారిలో నిలిచినవారెవ్వరైనను ఇది యెరిగినదే. అమెరికాలోని కాలిఫోర్నియాలో న్యాయవాద పరీక్ష వ్రాసినవారు ఫలితమునకై నాలుగు మాసములు వేచియుండవలెను. అట్టి 230 మందిని పరిశీలించి కేట్ స్వీనీ అను మనశ్శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు 2016లో ఒక పరిశోధన ప్రకటించిరి. ఆందోళన పడకూడదని తమను తాము అదుపు చేసికొన యత్నించినవారికి ఆ యత్నము వలన పెద్దగా ఉపశమనము కలుగలేదట. పైగా ఆందోళనతో వేచినవారే ప్రతికూల ఫలితము వచ్చినప్పుడు దానిని మెరుగుగా ఎదుర్కొనిరట. అందుచేత "దిగులు పడకు" అని పదే పదే చెప్పుట కొరగాని మాట. దిగులు సహజము. తరువాతి పరిశోధనలలో తేలినదేమనగా, మనస్సంతయు లగ్నము చేయదగిన పని ఉన్నవారికి ఆ కాలము తేలికగ గడచును.

అట్టి పనికి మన్యములో కొదువ లేదు. అయితే కాఫీ తోటలో కలుపు తీయించుట మాత్రమే పని యని తలచరాదు. చదివిన పిల్లకు చదువుతో సంబంధించిన పనియు ఉండవలెను. ఊరి చిన్నపిల్లలకు సాయంకాలము అక్షరములు దిద్దించుట, పెద్దల పింఛను కాగితములు చదివి చెప్పుట, తమ వాడుక భాషలోని పాటలను, కథలను నోటు పుస్తకములో వ్రాసికొనుట వంటివి చేయవచ్చును. దినమునకు ఒక్కసారి తప్ప సీటు ఊసు ఎత్తకూడదని ఇంటిలో నియమము పెట్టుకొనుట మంచిది. సంతలో కనబడిన ప్రతివారును "సీటు ఏమయినది?" అని అడుగుట ప్రేమతోనే కావచ్చును, కాని పదిమంది అడుగునప్పటికి ఆ పిల్లకు సంతకు రావలెననియే అనిపించదు. ఇరుగుపొరుగు పిల్లలతో పోల్చుట మరియు చెడ్డది. "సీటు రానిచో కూలికి పంపెదము, పెండ్లి చేసెదము" అను మాట వేళాకోళమునకైనను అనరాదు.

ఒక విషయము సూటిగా చెప్పక తప్పదు. 2019 ఏప్రిల్ మాసమున తెలంగాణలో ఇంటర్ ఫలితముల పిమ్మట పలువురు విద్యార్థులు ప్రాణములు విడిచిరి. మార్కులలో తప్పులు దొర్లినవని తరువాత తేలినది. కాగితము మీది మార్కులు సవరింపవచ్చును, ఆ బిడ్డలు తిరిగి రారు. నిద్ర లేకుండుట, అన్నము మాని మూలన కూర్చుండుట, అందరికి దూరముగా తిరుగుట, బ్రతికి ప్రయోజనము లేదను మాట నోట వచ్చుట కనబడినచో ఆ బిడ్డను ఒంటరిగా విడువరాదు. ఆ మాటను నేరుగా అడిగి, ఓపికతో వినవలెను. ఆశా కార్యకర్తకును, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకును వెంటనే తెలుపవలెను. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ అను సేవ కలదు. 14416 అను సంఖ్యకు రేయింబవళ్ళు ఎప్పుడైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోనే మాటలాడవచ్చును.

పంచాయతీ చేయదగినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మే మాసములో ఒక నోటు పుస్తకము తీసికొని, పంచాయతీలోని ప్రతి గూడెమున ఇంటర్ ముగించిన పిల్లల పేర్లు వ్రాయవలెను. పేరునకు ఎదురుగా వారు ఏ ప్రవేశమునకు దరఖాస్తు చేసిరి, ఏ ఫోను నంబరు ఇచ్చిరి అనునవి వ్రాయవలెను. ఆ నంబరు ప్రవేశములు ముగియువరకు మారరాదు. రీచార్జి లేక ఆగిపోయిన నంబరునకు ఓటీపీ రాదు. కుల, ఆదాయ ధ్రువపత్రములు, ఆధార్‌లోను మార్కుల పత్రములోను పేరు ఒకే తీరున ఉండుట వంటివి వేసవిలోనే సరిచూచుకొనవలెను. అక్షర భేదము వలన కలిగిన చిక్కు వానలలో తీరుట కష్టము.

షెడ్యూలు వెలువడగనే ఆ తేదీలను పెద్ద అక్షరములతో పంచాయతీ కార్యాలయపు గోడపైన వ్రాయవలెను. ముఖ్యముగా మూడు తేదీలు: ఆప్షన్లు ముగియు దినము, సీట్లు ప్రకటించు దినము, కళాశాలలో హాజరు కావలసిన చివరి దినము. మూడవది దాటినచో వచ్చిన సీటు రద్దగును. గెడ్డలు పొంగు కాలమున ఆ దినమున బయలుదేరినచో చాలదు, ముందునాడే కొండ దిగవలెను. ఫోను పలుకు చోట నివసించు ఒక యువకుని ఈ పనికి నియమించి, సీట్ల ప్రకటన దినమున అందరి ఫలితములు అతడే చూచి, గూడెము గూడెమునకు మనిషిని పంపునట్లు ఏర్పాటు చేయవచ్చును. ఆ దినము వరకు ఎవ్వరును వర్షములో తడిసి కొండ యెక్కి ఫోను పట్టుకొని నిలువ నక్కరలేదు.

దగ్గరలో గల అవకాశములను కూడ పిల్లలకు చెప్పుచుండవలెను. 2019లో విజయనగరమున కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ఆరంభమైనది. 2024లో పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాలలో తొలి జట్టునకు 50 సీట్లు మంజూరైనవి. అరకులోయలోను, పాడేరులోను, చింతపల్లిలోను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు కలవు. అన్ని విడతలు ముగిసినను సీటు రాని బిడ్డ ఉన్నచో, ఆ వారములోనే తలిదండ్రులను వెంటబెట్టుకొని దగ్గరి డిగ్రీ కళాశాల ప్రిన్సిపాలును కలిసి, ఖాళీలు మిగిలినవా యని విచారింపవలెను. అక్కడ కానిచో ఐ.టి.ఐ.లో ఏ పని నేర్చుకొనుటకు వీలున్నదో చూడవలెను. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము జూలైలోనే గాక జనవరిలోను విద్యార్థులను చేర్చుకొనును. కాఫీ పండ్ల కోత ముగియు వేళకు ఆ రెండవ గడువు వచ్చును గావున, నోటు పుస్తకములోని ఆ పేరును అంతవరకు కొట్టివేయకుండ ఉంచవలెను.