ఉయ్యాల కంటె ముందు విచారణ

డాలీగంజ్‌లో పనికి వెళ్ళే తల్లుల బిడ్డలను మీ ఇంటివద్దనే సంరక్షించే కేంద్రం నెలకొల్పదలచారా? ఉయ్యాలలు, చాపలు, పాత్రలు కొనుటకు ముద్రా పథకం తొలి తరగతి క్రింద రూ.50,000 వరకు పూచీకత్తు లేని రుణానికై దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే సామగ్రి కంటె ముందు చూడవలసినది మనుషులను.

పోక్సో చట్టం క్రింద 2020లో వెలువడిన నియమావళి ప్రకారం, శిశు సంరక్షణ కేంద్రాలతో సహా పిల్లలతో నిత్యం మెలగే సంస్థలు తమ సిబ్బంది పూర్వాపరాలను పోలీసులచే విచారింపజేయాలి. ఆయాకైనా, వంటమనిషికైనా, తాత్కాలికంగా కుదిరినవారికైనా మినహాయింపు లేదు. ఈ విచారణను కాలానుగుణంగా మరల జరిపించాలి. బాలల భద్రతపై శిక్షణ కూడ అట్లే.

తెలిసినవారే కదా అని ఉపేక్షించకండి. ద్వీపాలకు బ్రతుకుతెరువుకై వచ్చినవారి పూర్వచరిత్ర సముద్రానికి ఆవల ఉండవచ్చు. కనుక పోలీసు స్టేషనులో ఇచ్చే దరఖాస్తులో స్వస్థలం చిరునామా కూడ వ్రాయండి.

బిడ్డకు హాని జరిగినదని తెలిసినా, జరుగునన్న శంక కలిగినా పోలీసులకు తెలుపుట 2012 నాటి ఆ చట్టం మీపై ఉంచిన బాధ్యత. 1098కి కూడ ఫోను చేయవచ్చు.

తల్లుల నమ్మకమే మీ కేంద్రానికి అసలైన మూలధనం. అది ఉన్నంతకాలమే రుణవాయిదాలు సకాలంలో చెల్లించగలరు.