మీ అక్వేరియంలో ఉన్నది నిజంగా జావా మాస్సేనా? ఇలా గుర్తుపట్టండి!

ఇంట్లో చేపల తొట్టె పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా కొనే మొక్కల్లో జావా మాస్ ఒకటి. వెలుతురు తక్కువున్నా బతికేస్తుంది. వేర్లు లేవు కాబట్టి మట్టి అక్కర్లేదు. రాయికో, కర్రకో దారంతో కట్టేస్తే సన్నటి పోగులతో అదే అతుక్కుంటుంది. చేపపిల్లలు దాక్కునేదీ ఇందులోనే.

తికమకంతా పేరు దగ్గరే. ఆగ్నేయాసియాకు చెందిన ఈ నాచును చాలాకాలం 'వెసిక్యులేరియా డుబియానా' అనే పిలిచారు. తీరా చూస్తే అది వేరే జాతి. ఇప్పుడు సింగపూర్ మాస్ అని అమ్ముతున్నది దాన్నే! జావా మాస్ శాస్త్రీయ నామం 'టాక్సిఫిల్లం బార్బియరి'.

మరి కంటితో చూసి చెప్పొచ్చా? కొంతవరకు చెప్పొచ్చు. కొమ్మలు పద్ధతి లేకుండా అన్ని వైపులకూ పాకితే జావా మాస్. రెండు పక్కలా వరుసగా వచ్చి, చివరికి సన్నబడుతూ త్రికోణంలా కనిపిస్తే క్రిస్మస్ మాస్. కానీ షాపులో చూసి డిసైడ్ అవ్వొద్దు. వెలుతురు, నీళ్ల తీరును బట్టి ఒకే నాచు రూపం మారిపోతుంది. ఇంటికి తెచ్చాక వచ్చే కొత్త చిగుళ్లనే చూడాలి.

గట్టిగా తేల్చేది మైక్రోస్కోపే. జావా మాస్ ఆకులో కణాలు సన్నగా, పొడవుగా ఉంటాయి. వెసిక్యులేరియా రకాల్లో పొట్టిగా, వెడల్పుగా కనిపిస్తాయి. ఆకు చాలా పల్చన కాబట్టి కోయాల్సిన పని లేదు. స్కూల్ ల్యాబ్‌లో ఉండే మైక్రోస్కోప్ చాలు.

అన్నట్టు, చేతికి జారుడుగా తగిలే పచ్చటి పోగులు మాస్ కాదు, ఆల్గే. తెలుగులో రెండింటినీ నాచు అనే అంటాం. అది మాస్‌లో చిక్కుకుంటే విడదీయడం మహా కష్టం. కొనేముందే ఓసారి చూసుకోండి.