‘యువర్స్’ నెత్తిన కామా వద్దు!

అనకాపల్లి: కలెక్టరుగారికి ఇంగ్లీషులో అర్జీ రాయాలంటే భూమి తగాదా కన్నా మర్యాద మాటలే కంగారు పెడతాయి. ‘యువర్స్’లో ‘ఎస్’ ముందు నెత్తిన కామా పెట్టేవారు కోకొల్లలు. అది తప్పు. ‘ఫెయిత్‌ఫుల్లీ’లో చివరి ‘వై’ ముందు రెండు ‘ఎల్’లు ఉండాలి. ‘థ్యాంక్ యూ’ రెండు మాటలు, కలిపి రాయరాదు. ‘ఐ రిక్వెస్ట్ యూ’ అనాలి గాని ‘ఐ రిక్వెస్ట్ టు యూ’ అనరాదు. ‘ఐ బెగ్ టు స్టేట్’ అంటే ‘మనవి చేసుకుంటున్నాను’ అనే. దొరల కాలం నాటి ఆ మాట లేకున్నా అర్జీకి లోటు లేదు.

అసలు ఇంగ్లీషే అక్కర్లేదు. 1966 చట్టంతో తెలుగు రాష్ట్ర అధికార భాష అయింది. తెలుగులోనే అర్జీ పెట్టుకోవచ్చు. ఊరు, తేదీ, సర్వే నంబరు సరిచూసుకోవాలి. మర్యాద మాట తప్పితే నవ్వి ఊరుకుంటారు. సర్వే నంబరు తప్పితే పొలమే మారిపోతుంది!