ఏడేళ్ల పాప.. ఏడు రోజులు

‘మీవాడు రోజూ ఎంతసేపు ఆడతాడు?’ అని ఏ అమ్మనైనా అడగండి. ‘ఒక్క క్షణం కుదురుగా ఉండడండీ!’ అంటుంది. ఎన్నింటికి నిద్రపోతాడంటే మంచమెక్కిన టైము చెబుతుంది. ఆ తర్వాత దుప్పటి కింద ఎంతసేపు మేలుకుని దొర్లాడో ఆమెకెలా తెలుస్తుంది? ఏ తల్లయినా చూసిందే చెబుతుంది. పిల్లల రోజులో మనం చూడని గంటలే ఎక్కువ.

ఆ గంటల జాడ కోసమే పిల్లల ఒంటికి చిన్న పరికరం కట్టి చూస్తున్నారు పరిశోధకులు. పేరు యాక్సిలరోమీటర్. బ్రిటన్‌లో 2000-2002 మధ్య పుట్టిన వేలమంది పిల్లల్ని ‘మిలీనియం కోహార్ట్ స్టడీ’ పేరుతో ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. వాళ్లకు ఏడేళ్లు వచ్చినప్పుడు ఈ పరికరాలు పోస్టులో ఇళ్లకు వెళ్లాయి. ఎలాస్టిక్ బెల్టుతో నడుముకు కట్టుకోవాలి. స్నానానికీ, ఈతకీ, పడుకునేముందూ తీసేయాలి. ఏడు రోజులయ్యాక మళ్లీ పోస్టులోనే తిరిగి పంపాలి. దానికి తెర లేదు, అంకెలు కనిపించవు. నాకు బాగా నచ్చిన సంగతి అదే. ఎన్ని అడుగులేశానా అని చూసుకునే వీల్లేదు కాబట్టి, కాసేపటికి బెల్టు సంగతే మరచిపోయి పిల్లలు తమ మానాన తాము ఉంటారు.

లోపల ఉండేది చిన్న చిప్. ఒళ్లు ఎంత విసురుగా కదిలిందో నమోదు చేసుకుంటుంది. ఇప్పటి పరికరాలైతే పైకీ కిందకీ, ముందుకీ వెనక్కీ, పక్కలకీ కదిలే కదలికల్ని సెకనుకు 30 నుంచి 100 సార్లు పట్టుకుంటాయి. అయినా నడుముకు కట్టిన పరికరానికి సైకిల్ తొక్కే శ్రమ సరిగా అందదు.

నిద్ర లెక్కకు మణికట్టు మేలు. అవే పిల్లలకు పద్నాలుగేళ్లు వచ్చాక చేతికి కట్టుకునేవి ఇచ్చి, రెండు రోజులపాటు రాత్రీ పగలూ ఉంచుకోమన్నారు. నిద్రను గుర్తించడానికి 2015లో ఒక పరిశోధక బృందం ప్రకటించిన పద్ధతి చాలా సులువు: చెయ్యి వాలు 5 డిగ్రీలకు మించి మారకుండా 5 నిమిషాలు దాటితే అది నిద్ర. ఇక్కడే చిక్కు కూడా ఉంది. కళ్లు తెరిచి కదలకుండా పడుకున్న పిల్లాడు దాని లెక్కలో నిద్రపోయినట్టే. మన ఇళ్లలో ఉయ్యాల్లో ఊగుతూ హాయిగా నిద్రపోయే పసివాడేమో మేలుకున్నట్టు! అందుకే నిద్ర లెక్క తీసేవాళ్లు చాలామంది అమ్మానాన్నలతో చిన్న డైరీ కూడా రాయిస్తారు. యంత్రం ఒక్కదాన్నే నమ్మకపోవడం మంచి పద్ధతి.

బ్రిటన్ ఏడేళ్ల పిల్లల ఫలితాలు 2013లో వచ్చాయి. నమ్మదగిన లెక్క దొరికింది 6,497 మందికి. సగం మంది పిల్లలు రోజుకు పదివేలకు పైగా అడుగులు వేశారు. అయినా ఊపిరి వేగం పెరిగేలా రోజుకు గంటసేపు కదలాలన్న సూచనను అందుకున్నది నూటికి 51 మందే. సగం మంది రోజుకు 6.4 గంటలు, అంతకన్నా ఎక్కువే కూర్చుని గడిపారు.

అన్నిటికన్నా నన్ను కలచివేసిన అంకె ఇంకొకటుంది. ఆ గంట ఆట నూటికి 63 మంది మగపిల్లలకు దక్కింది. ఆడపిల్లల్లో 38 మందికే. వయసు చూస్తే అందరిదీ ఒకటే. ఏడేళ్ల పాప కాళ్లలో సత్తువ తక్కువని నేను నమ్మను. బడి మైదానం నడిమధ్య బంతి ఎవరిదో, గోడ పక్కన నిలబడి చూసేది ఎవరో గమనించండి. ‘గౌను మాసిపోతుంది’, ‘చీకటి పడుతోంది, లోపలికి రా’ అన్న మాటలు మన వీధుల్లో ముందు ఎవరికి వినిపిస్తాయో గుర్తుచేసుకోండి. నడుముకు కట్టిన పరికరం ఈ మాటలేవీ వినలేదు. ఆ పిలుపుతో ఆట ఆగిపోయిన నిమిషాన్ని మాత్రం రాసిపెట్టుకుంటుంది.