తండ్రి లేని తేనెటీగ

పోతుటీగకు తండ్రి ఉండడు, తాత మాత్రం ఉంటాడు. రాణి ఈగ తనలో దాచుకున్న వీర్యంతో కలిసిన గుడ్డు ఆడ ఈగ అవుతుంది. కలవని గుడ్డు కూడా వృథా పోదు, మగ ఈగగా ఎదుగుతుంది. సైలీషియాకు చెందిన యాన్ జియెర్జోన్ అనే క్రైస్తవ మతగురువు 1845లో ఈ మాట చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. ఆడ ఈగలో 32 క్రోమోజోములుంటే పోతుటీగలో ఉండేవి 16 మాత్రమేనని తర్వాత తేలింది.

పోతుటీగను సోమరి అనడం అన్యాయం. కుట్టడానికి ముల్లు లేదు, కాళ్లకు పుప్పొడి బుట్టలు లేవు, నాలుకా పొట్టిదే. దాని ఒళ్లంతా ఒకే పనికి తయారైంది: ఎగురుతున్న రాణిని ఆకాశంలో కనిపెట్టి అందుకోవడం. అందుకే దాని కళ్లు నడినెత్తిన కలిసిపోయేంత పెద్దవి.

ఎండ కాసే మధ్యాహ్నాల్లో చుట్టుపక్కల పట్ల నుంచి పోతుటీగలు బయల్దేరి, నేలకు పది నుంచి నలభై మీటర్ల ఎత్తున ఒకచోట చేరతాయి. ఏటా అవే చోట్లు. కిందటేడు అక్కడ తిరిగిన పోతుటీగ ఒక్కటీ బతికి ఉండదు, కొత్తవాటికి దారి చూపేవాళ్లూ ఉండరు. అయినా చేరుకుంటాయి. తేనెటీగల జీవితంలో నన్ను ఇంతగా ఆశ్చర్యపరిచే విషయం మరొకటి లేదు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. చిన్న తేనెటీగ, చెట్టు తొర్రల్లో ఉండే దేశవాళీ ఈగ, కొండ తేనెటీగ ఒకేచోట బతుకుతాయి. మూడింటి రాణులూ మగవాటిని పిలిచే వాసనలో ముఖ్యమైన రసాయనం ఒకటే. మరి తికమక పడవా? 1976లో వెలువడిన శ్రీలంక పరిశీలనలో జవాబు దొరికింది. చిన్న తేనెటీగ పోతులు మధ్యాహ్నం తొలి వేళల్లో, దేశవాళీవి సాయంత్రం, కొండ తేనెటీగవి పొద్దుగూకాక ఎగురుతాయి.

రాణితో కలిసిన పోతుటీగ అక్కడికక్కడే చనిపోతుంది. అవకాశం దొరకనివి పట్టుకు తిరిగొస్తాయి. పూలు కరువైన రోజుల్లో కూలి ఈగలే వాటిని బయటికి ఈడ్చేస్తాయి.

రాణి పది పన్నెండు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోతుటీగలతో కలుస్తుంది. అవి వేర్వేరు పట్లవి కావడం చాలా అవసరం. ఈగ ఆడదో మగదో తేల్చే జన్యువులో రెండు ప్రతులూ ఒకేలా ఉంటే, ఫలించిన గుడ్డులోంచి కూడా మగ పిల్లే వస్తుంది. కూలి ఈగలు దాన్ని పసిగట్టి, అది గుడ్డులోంచి బయటపడ్డ కొద్ది గంటల్లోనే తినేస్తాయి. రాణి తన అన్నదమ్ములతో కలిస్తే ఈ ముప్పు పెరుగుతుంది. పట్టులో పిల్లల గదులు అక్కడక్కడా ఖాళీ అవుతాయి, కూలి ఈగలు తగ్గుతాయి, తేనె తగ్గుతుంది.

పెట్టెల్లో తేనెటీగలు పెంచే రైతులకు ఒక విన్నపం. పోతుటీగల గదులు కనబడగానే, తేనె దండగని కోసి పారేయకండి. కొత్త రాణులు తయారయ్యే కాలంలోనైనా మంచి పట్లలో వాటిని ఎదగనివ్వండి.