మలేషియా వంటలు: పేరు నమ్మితే పస్తే

కౌలాలంపూర్ వెళ్లొచ్చినవాళ్లు ట్విన్ టవర్ల గురించి దాదాపు ఒకే మాట చెబుతారు. తిండి సంగతి ఎత్తితే మాత్రం ఎవరి కథ వాళ్లది. ‘అంతా చైనా వంటే’ అంటారొకరు. ‘తమిళ హోటల్ లేకపోతే పస్తే’ అంటారింకొకరు. కాస్త ఆరా తీస్తే, సగం అపోహలకు మూలం వంటకం కాదు, దాని పేరు.

అపోహ: నాసి లెమాక్ అంటే కొవ్వు అన్నం. పొద్దున్నే ఎవరు తింటారు?

మలయ్ భాషలో నాసి అంటే అన్నం. లెమాక్ అంటే కొవ్వు అన్న అర్థం ఉన్నమాట నిజమే కానీ, వంట దగ్గర ఆ మాట కొబ్బరిపాల కమ్మదనానికి వాడతారు. బియ్యాన్ని కొబ్బరిపాలతో, పాండాన్ ఆకు ముడివేసి పడేసి వండుతారు. ఆ ఆకు మన మొగలి జాతిదే. పొద్దున వీధి బడ్డీల దగ్గర అరటాకు పొట్లాలు గుట్టగా పేర్చి ఉంటాయి. ఒకటి విప్పితే ముందు వాసన తగులుతుంది. తర్వాత కనిపిస్తాయి గుప్పెడు అన్నం, ఎర్రటి సాంబల్ (మిర్చి ముద్ద), వేయించిన వేరుశనగపప్పు, రెండు కీరా ముక్కలు, ఉడికిన గుడ్డు, కరకరలాడే ఇకాన్ బిలిస్. ఈ చివరిది చూసి కంగారుపడనక్కర్లేదు, మన కోస్తా సంతల్లో దొరికే ఎండు నెత్తళ్లే. అక్కడ ఇది అచ్చంగా పొద్దుటి తిండి. నాసి లెమాక్, రోటీ చనాయ్ అనే రొట్టె, తే తారిక్ అనే టీ ఉన్న మలేషియా అల్పాహార సంస్కృతిని 2024 డిసెంబరులో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

 

అపోహ: సాంబల్ నోరు మండిస్తుంది.

ఆవకాయ తిన్న నాలుకకు అంత భయం అక్కర్లేదు. నాసి లెమాక్‌లో వేసే సాంబల్‌లో ఎండుమిర్చి, ఉల్లితో పాటు చక్కెర కూడా పడుతుంది. చాలాచోట్ల మనవాళ్ల ఫిర్యాదు కారం గురించి కాదు, తీపి గురించే.

అపోహ: రోటీ చనాయ్ అంటే చెన్నై రొట్టె.

వినగానే నమ్మబుద్ధేసే మాట. ఆ రొట్టె దక్షిణ భారతం నుంచి వెళ్లిన ముస్లింల చేతిమీదుగా అక్కడికి చేరింది, మన పరోటాకు దగ్గరి చుట్టం. అంతవరకు ఒప్పుకోవాల్సిందే. కానీ మద్రాసు పేరు అధికారికంగా చెన్నైగా మారింది 1996లో. మనం అంతకుముందు నుంచీ చెన్నపట్నం అనేవాళ్లం కదా అంటారా, నిజమే. అయినా మలయ్‌లో ‘చనాయ్’ అనే మాట విడిగా ఉంది, పిండిని పలచగా సాగదీయడం అని దాని అర్థం. ఆ ముస్లింలు నడిపే మామక్ హోటల్లో పెనం దగ్గర ఒక్క నిమిషం నిలబడితే ఆ మాట ఎందుకొచ్చిందో కంటికే కనబడుతుంది. నూనెలో నానిన మైదా ముద్దను బల్లమీద అరచేత్తో అదిమి, గాల్లోకి విసురుతూ ఉల్లిపొరలా సాగదీస్తాడు మాస్టారు. నలువైపులా మడిచి పెనంమీద వేస్తాడు. కాలాక రెండు చేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు నలిపితే పొరలు విడిపోతాయి. పక్కన పప్పు, పులుసు. ఊరి పేరు వాదన నన్నడిగితే బలహీనమే. ఒక జాగ్రత్త: ఏమీ కలపనిది కావాలంటే ‘రోటీ కొసోంగ్’ అనాలి. ‘రోటీ తెలుర్’ అంటే గుడ్డు కొట్టి వేసేస్తారు.

అపోహ: రెండాంగ్ ఒక రకం గ్రేవీ కూర.

మూలరూపంలో రెండాంగ్‌కు గ్రేవీ ఉండదు. సుమత్రాలోని మినాంగ్‌కబావ్ ప్రజల వంట ఇది. వాళ్లలో కొందరి సంతతి మలేషియాలోని నెగెరి సెంబిలాన్‌లో స్థిరపడింది. మాంసం కొబ్బరిపాలల్లో గంటల తరబడి ఉడికి, పాలన్నీ ఇగిరి, పైకి తేలిన నూనెలోనే వేగాలి. మలేషియాలో కొబ్బరికోరు ఎర్రగా వేయించి నూరిన ముద్దనూ కలుపుతారు. దాన్ని కెరిసిక్ అంటారు. 2018లో బ్రిటన్ మాస్టర్‌షెఫ్ పోటీలో కోడి రెండాంగ్ తోలు కరకరలాడలేదని న్యాయనిర్ణేతలు తప్పుపడితే మలేషియా అంతా భగ్గుమంది. అంతసేపు మసాలాలో మగ్గిన తోలు కరకరలాడటమేమిటి!

అపోహ: ‘డాగింగ్ వద్దు’ అంటే శాకాహారం పెడతారు.

మనవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. నిఘంటువులో డాగింగ్ అంటే మాంసం. హోటల్లో ఆ మాటకు ఎక్కువగా గొడ్డుమాంసం అనే అర్థం. వద్దంటే కోడో చేపో వస్తుంది. పోనీ ఆకుకూర అడుగుదామంటే అందులో తరచూ బెలాచాన్ ఉంటుంది. చిన్న రొయ్యలను ఉప్పుతో ఊరబెట్టి, దంచి, ఎండబెట్టి చేసిన ముద్ద అది. కాంగ్‌కొంగ్ బెలాచాన్ అనే ప్రసిద్ధ వేపుడులోని ఆకు మన తూటికూరే, రుచి మాత్రం రొయ్యలది. కాబట్టి బెలాచాన్ వద్దని విడిగా చెప్పాలి. అలాగని శాకాహారి పస్తుండనక్కర్లేదు. కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరటాకు భోజనం ఉంది, చైనా బౌద్ధుల శాకాహార హోటళ్లూ ఉన్నాయి. వీటిలో కోడి, చేప ఆకారంలో వచ్చేది సోయాతోనో గోధుమపిండితోనో చేసినదే, ఉలిక్కిపడొద్దు.

అపోహ: బాక్ కుత్ తే ఒక టీ.

కాదు, పంది ఎముకల పులుసు. మూలికలతో ఉడికిస్తారు, క్లాంగ్ పట్టణం దీనికి పేరుపడింది. దాని పక్కన టీ తాగుతారు.

అపోహ: ఒక లక్సా తింటే అన్నీ తిన్నట్టే.

పెనాంగ్ ఆసాం లక్సా చేపతో కాచిన పుల్లటి నూడుల్స్ చారు, అందులో కొబ్బరిపాలే ఉండవు. కరీ లక్సా నిండా కొబ్బరిపాలే. ఒకటి నచ్చలేదని రెండోదాన్ని వదిలేసినవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

అపోహ: నాసి కండార్‌లో కండార్ ఒక మసాలా.

కండార్ అంటే కావడి. పెనాంగ్‌లో తమిళ ముస్లిం వ్యాపారులు కావడికి ఒకవైపు అన్నం, మరోవైపు కూరలు వేలాడదీసుకుని వీధివీధీ తిరిగి అమ్మేవారు. కావడి పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు వరసగా పెట్టిన కూరల్లోంచి చూపించి వడ్డించమనడమే. ‘బంజిర్’ అంటే వరద. ఆ మాట అన్నారో, గరిటెమీద గరిటెగా నాలుగు కూరల పులుసు అన్నం మునిగేదాకా పోస్తారు. తెల్లచొక్కా వేసుకోకండి.