సన్‌రైజర్స్ పైకి వెళ్తుందా? లెక్క ఎక్కడి దాకా, జోస్యం ఎక్కడి నుంచి

మే నెల వచ్చిందంటే ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అటు దుమ్ముగూడెం, చర్ల అడవి ఊళ్ల దాకా టీ బంకుల దగ్గర ఒకటే మాట. "మనోళ్లు గెలిస్తే సరిపోదంట, అవతలోళ్లు కూడా ఓడాలంట." ఇషా నమాజ్ అయ్యాక మసీదు బయట చెప్పులేసుకుంటూ కూడా కుర్రాళ్లు ఇదే లెక్క వేస్తుంటారు. ఇంట్లో అమ్మీకి, నానీకి మాత్రం అర్థం కాదు. మ్యాచ్ గెలిచాక ఇంకా ఏం లెక్క?

ఈ మాటల్లో సగం నిజంగానే లెక్క. పెన్ను, కాగితం ఉంటే ఎవరైనా చేయొచ్చు. మిగతా సగం జోస్యం. ఆ జోస్యాన్నే లెక్కలా చూపించి డబ్బు లాగేవాళ్లు పిల్లల ఫోన్లలోకి వచ్చేశారు. అందుకే ఈ తేడా క్రికెట్ చూడని పెద్దలకు కూడా తెలియాలి.

ముందు మన ఊరి ఉదాహరణే చూద్దాం. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2023లో అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ ఆడింది. విశాఖపట్నం అమ్మాయి షబ్నమ్ షకీల్ కూడా ఆ జట్టులో ఉంది. సూపర్ సిక్స్ దశలో జనవరి 21న భారత్ 87 పరుగులకే ఆలౌటై ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయింది. ఆ గ్రూపు చివరికి ఎలా తేలిందంటే భారత్, ఆస్ట్రేలియా, బంగ్లాదేశ్, దక్షిణాఫ్రికా నాలుగూ తలా 6 పాయింట్లు. సెమీస్‌కు వెళ్లేది రెండే. భారత్‌ను ఆస్ట్రేలియా ఓడించింది, ఆస్ట్రేలియాను బంగ్లాదేశ్ ఓడించింది, బంగ్లాదేశ్‌ను దక్షిణాఫ్రికా ఓడించింది, దక్షిణాఫ్రికాను భారత్ ఓడించింది. గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చింది. మరి ఎవరిని పంపాలి?

ఇక్కడే నెట్ రన్ రేట్ వస్తుంది. ఓవర్‌కు సగటున మనం ఎన్ని పరుగులు చేశాం, ఎదుటివాళ్లకు ఎన్ని ఇచ్చాం. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే అది. దుకాణం లెక్కలో అమ్మకంలోంచి కొనుగోలు తీసేసినట్టు. ఆస్ట్రేలియాతో ఓడిన మర్నాడే భారత్ శ్రీలంకను 20 ఓవర్లలో 59 పరుగులకు ఆపింది. అంటే ఓవర్‌కు 2.95. ఆ లక్ష్యాన్ని 7.2 ఓవర్లలో కొట్టేసింది. అంటే ఓవర్‌కు దాదాపు 8.18. ఆ ఒక్క మ్యాచ్‌లోనే తేడా ఐదు దాటింది. అదే భారత్‌ను గ్రూపులో పైన నిలబెట్టింది. తర్వాత సెమీస్‌లో న్యూజిలాండ్, జనవరి 29న ఫైనల్లో ఇంగ్లండ్ ఓడాయి. కప్పు మనకొచ్చింది. శ్రీలంక మీద నింపాదిగా 18 ఓవర్లు ఆడి గెలిచి ఉంటే? రెండు పాయింట్లు అవే వచ్చేవి. రన్ రేట్ మాత్రం అంత వచ్చేది కాదు.

ఈ లెక్క వేసేటప్పుడు అందరూ జారిపడే చోట్లు రెండు ఉన్నాయి. 7.2 ఓవర్లు అంటే ఏడు పాయింట్ రెండు కాదు. ఏడు ఓవర్లు, రెండు బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి అది 7.33. క్యాలిక్యులేటర్‌లో 7.2 కొడితే లెక్క తప్పుతుంది. ఇక రెండోది. జట్టు 15 ఓవర్లకే ఆలౌటైతే భాగించేది 15తో కాదు, పూర్తి 20తో. వికెట్లన్నీ పోగొట్టుకున్నవాడికి ఓవర్లు తగ్గించి లాభం చేకూర్చకూడదని ఆ రూలు పెట్టారు. న్యాయమే కదా.

ఇప్పుడు ఐపీఎల్‌కు వద్దాం. పది జట్లు, ఒక్కోదానికి 14 లీగ్ మ్యాచ్‌లు, మొత్తం 70. గెలిస్తే 2 పాయింట్లు, వాన వల్ల రద్దయితే చెరొకటి. పై నాలుగు జట్లు ప్లేఆఫ్స్‌కు. అందులోనూ మొదటి రెండు స్థానాలకు ఒక వరం ఉంది. తొలి క్వాలిఫయర్‌లో ఓడినా ఇంటికి పోరు, ఇంకో మ్యాచ్ దొరుకుతుంది. మూడు, నాలుగు స్థానాలవాళ్లు ఎలిమినేటర్‌లో ఓడితే అంతే సంగతులు.

2024లో సన్‌రైజర్స్ కథ దీనికి మంచి పాఠం. మే 8న ఉప్పల్‌లో లక్నో 165 పరుగులు చేసింది. ట్రావిస్ హెడ్, అభిషేక్ శర్మ ఇద్దరే వికెట్ పడకుండా 9.4 ఓవర్లలో 167 కొట్టేశారు. ఆ రోజు చాలామంది "ఇంత తొందరెందుకు, సగం మ్యాచ్ మిగిలిపోయింది" అని నవ్వుకున్నారు. ఓవర్‌కు 17 దాటిన ఆ ఛేజింగ్ విలువ పదకొండు రోజుల తర్వాత తెలిసింది. మే 16న గుజరాత్‌తో ఉప్పల్ మ్యాచ్ వానకు పోయింది, ఒక పాయింట్ వచ్చింది, ప్లేఆఫ్స్ బెర్తు ఖాయమైంది. మే 19న సన్‌రైజర్స్ పంజాబ్‌ను ఓడించింది. అదే రాత్రి గువాహటిలో రాజస్థాన్, కోల్‌కతా మ్యాచ్ వానకు రద్దయింది. సన్‌రైజర్స్‌కు 17, రాజస్థాన్‌కు 17. నెట్ రన్ రేట్ చూస్తే మనకు 0.414, వాళ్లకు 0.273. రెండో స్థానం మనది. తొలి క్వాలిఫయర్‌లో కోల్‌కతా చేతిలో ఓడినా సన్‌రైజర్స్‌కు రెండో అవకాశం దొరికింది, చెన్నైలో రాజస్థాన్‌ను ఓడించి ఫైనల్‌కు వెళ్లింది. ఫైనల్లో 113కే ఆలౌటైన సంగతి వేరే బాధ.

అదే ఏడాది మే 18న బెంగళూరులో ఇంకా విచిత్రం జరిగింది. బెంగళూరు 218 చేసింది. చెన్నై గెలవాలంటే 219 కావాలి. కానీ ప్లేఆఫ్స్‌కు వెళ్లడానికి 201 చాలు, మ్యాచ్ ఓడినా పర్వాలేదు! చెన్నై 191 దగ్గర ఆగిపోయింది. రెండు జట్లూ 14 పాయింట్లతో సమానం, రన్ రేట్‌తో బెంగళూరు పైకి. ఆ బెంగళూరు మొదటి 8 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. ఏప్రిల్‌లో దాని పని అయిపోయిందని రాయని వాడు లేడు.

లెక్క ఇంతవరకే. ఆడేసిన మ్యాచ్‌లు, వచ్చిన పాయింట్లు, ఇంకా ఎన్ని వస్తే చాలు అనేది ఖచ్చితంగా చెప్పొచ్చు. "16 పాయింట్లు వస్తే వెళ్లినట్టే" అనే మాట మాత్రం రూలు కాదు, అలవాటు. 2024లో 14తో బెంగళూరు వెళ్లింది. 2025లో ఢిల్లీకి 15 వచ్చినా ఐదో స్థానమే.

ఇక జోస్యం సంగతి. "సన్‌రైజర్స్ అవకాశం 68 శాతం" అని ఫోన్లో పోస్టర్ కనిపిస్తుంది. అది ఎలా తీస్తారు? పది మ్యాచ్‌లు మిగిలి ఉన్నాయనుకుందాం. ప్రతి దానికీ రెండు ఫలితాలు. రెండును పదిసార్లు గుణిస్తే 1024 దారులు. వాటిలో 700 దారుల్లో మన జట్టు పైకొస్తే 68 శాతం అంటారు. ఇందులో దాగిన సంగతి ఏంటంటే, ప్రతి మ్యాచూ సగం సగం అని ముందే అనుకున్నారు. ఎవరికి గాయమైంది, పిచ్ ఎలా ఉంది, వాన పడుతుందా, ఇవేవీ అందులో లేవు. దారులు లెక్కపెట్టారు, అంతే. ఏ దారిలో బండి పోతుందో చెప్పలేదు. 2025లో మన హైదరాబాద్ సిరాజ్ ఆడిన గుజరాత్ 12 మ్యాచ్‌లకే 18 పాయింట్లు సాధించి పైన కూర్చుంది. చివరి రెండూ సొంత మైదానంలోనే ఓడింది, మూడో స్థానానికి జారింది, ఎలిమినేటర్‌లో ముంబై చేతిలో ఇంటికెళ్లింది.

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలున్న ఇళ్లకు అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ గోల తెలిసే ఉంటుంది. అక్కడ జట్లు వందకు పైన, అందరూ అందరితో ఆడలేరు. పట్టిక సరిపోదు కాబట్టి 13 మంది కమిటీ కూర్చుని ర్యాంకులు ఇస్తుంది. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13కు 13 గెలిచినా కమిటీ నాలుగు జట్లలో చోటివ్వలేదు. 2024 సీజన్‌కు ప్లేఆఫ్‌ను 12 జట్లకు పెంచారు. టాప్ నాలుగు సీడ్ జట్లూ తమ మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌లోనే ఓడిపోయాయి. కప్పు ఎనిమిదో సీడ్ ఒహాయో స్టేట్‌ది. ఇదే పని మీద ఉన్న కమిటీ అంచనాకే ఆ గతి పట్టింది. మరి టెలిగ్రామ్‌లో "పక్కా రిపోర్ట్" అమ్మేవాడి సంగతి?

వాడి పద్ధతి చాలా సులువు. 1600 మందికి మెసేజ్ పెడతాడు. సగం మందికి సన్‌రైజర్స్ గెలుస్తుందని, సగం మందికి ఓడుతుందని. ఎవరికి తప్పయిందో వాళ్లను వదిలేస్తాడు. మిగిలిన 800 మందిని మళ్లీ సగం చేస్తాడు. తర్వాత 400, 200, 100. ఐదో మ్యాచ్ అయ్యేసరికి 50 మంది మిగులుతారు. ఈ 50 మందీ ఐదుకు ఐదు కరెక్టు చూశారు. వాళ్ల కళ్లకు వాడు ఔలియా లాగే కనిపిస్తాడు. ఆరో మ్యాచ్‌కు "ఐదు వేలు పంపు భాయ్" అంటాడు. వాడికి క్రికెట్ తెలియాల్సిన పని కూడా లేదు.

పందెం కాసేవాడి లెక్క వేరు. రెండు సమాన జట్లు, ఎవరు గెలిచినా వందకు 190 ఇస్తాననుకుందాం. అటు ఒకడు వంద, ఇటు ఒకడు వంద. బుకీ చేతికి 200 వచ్చాయి, గెలిచినవాడికి 190 ఇచ్చాడు, 10 మిగిలాయి. ఎవరు గెలిచినా ఆ పది వాడివే. సీజన్ అంతా ఆడితే ఆ పదులన్నీ ఎవరి జేబులోంచి పోయాయో చూసుకోవాలి. ఖురాన్‌లో సూరా అల్-మాయిదా మైసిర్‌ను, అంటే జూదాన్ని, మత్తుపానీయాల పక్కనే పెట్టి దూరంగా ఉండమన్నది. "ఇది జూదం కాదు, స్కిల్" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. పాయింట్ల లెక్క వేయడం స్కిల్లే, దాంట్లో తప్పులేదు. దాని మీద డబ్బు పెట్టిన క్షణం మాట మారుతుంది.

చట్టం కూడా ఆ స్కిల్ మాట వినడం మానేసింది. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే చేసింది. భద్రాచలంలో ఉన్నవాళ్లకు రాష్ట్ర సరిహద్దు ఆటో దూరమే. ఏటపాక వైపు పోతే ఆంధ్ర, ఇంకా పోతే ఛత్తీస్‌గఢ్. లైన్ దాటితే యాప్ ఓపెన్ అవుతుందిలే అనే తెలివికి ఇప్పుడు విలువ లేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టే ఆట స్కిల్ అయినా, అదృష్టం అయినా ఆన్‌లైన్‌లో నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసినా రెండేళ్ల దాకా జైలు. టీమిండియా జెర్సీ మీద పేరున్న డ్రీమ్11 కూడా డబ్బు పోటీలు ఆపేసి ఆ స్పాన్సర్‌షిప్ వదులుకుంది. కేంద్ర చట్టం ఆడేవాడిని కాదు, ఆడించేవాడిని శిక్షిస్తుంది. కానీ విదేశాల్లోంచి నడిచే యాప్‌లో డబ్బు ఇరుక్కుంటే తిరిగి అడగడానికి ఇక్కడ ఆఫీసు ఉండదు.

పెద్దలు ముఖ్యంగా కనిపెట్టాల్సింది ఇంకోటుంది. బెట్టింగ్ డబ్బు తిప్పేవాళ్లు కాలేజీ పిల్లల బ్యాంకు ఖాతాలు అద్దెకు అడుగుతారు. "నీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి పంపు, నీకు కమిషన్." కేసైతే ముందు ఫ్రీజ్ అయ్యేది ఆ ఖాతాయే. స్కాలర్‌షిప్ పడేది, అబ్బా జీతంలోంచి ఫీజు పంపేది అందులోనే అయితే అన్నీ ఆగిపోతాయి. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికీ ఇవ్వకూడదు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే పిల్లాడిని తిట్టడం తర్వాత, ముందు 1930కు ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే చెబితేనే ఆపే వీలుంటుంది. యూపీఐ లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్ చేతిలో పెట్టుకుని చేస్తే పని తొందరగా అవుతుంది.